గద్ద నూగు రాలేలోపు

సెప్టెంబర్ 14

ఎల్మర్ మామయ్య డానికాను ఎంచుకున్నాడు. నన్ను కాదు.

ఇంతే రాసి మూసేద్దామనుకున్నాను. టీ పెట్టుకున్నాను, అది చల్లారిపోయింది, మళ్ళీ తెరిచాను. కడుపు మండిపోతోంది. ఇంకెవరితో చెప్పుకోను?

గొంతు ఆపరేషన్ అయినప్పటి నుంచి మామయ్యకు గుసగుస తప్ప మాట లేదు. మా తెగలో తోడేలు వంశం మాది, ఆ ఇంటి పెద్ద పేరు మోసేది ఆయనే. కానీ విందు హాల్లో ఆయన బదులు లేచి మాట్లాడే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి చేతికి తోడేలు తల చెక్కిన కర్ర ఇస్తారు. వచ్చే నెల రాష్ట్ర రాజధాని విక్టోరియా నుంచి ప్రభుత్వం వాళ్ళు వస్తున్నారు. ఎగువ సరస్సు పక్కనుంచి గని కంపెనీ రోడ్డు వేసుకోవచ్చా, కూడదా అన్నది మా ఇల్లు చెప్పాలి. ఆదివాసుల సమ్మతి అడగాలన్న డిక్లరేషన్ చట్టం వచ్చాక మా లోయలో దాన్ని నిజంగా వాడి చూడటం ఇదే మొదటిసారి. మీ అభిప్రాయం విన్నాం, చాలా సంతోషం అని చెప్పి, మర్నాడు బుల్డోజర్లు పంపే పాత పద్ధతి కాదు. మేం వద్దంటే వద్దే. మా హాల్లో, మా చట్టం ప్రకారం, మిగతా ఇళ్ళవాళ్ళు సాక్షులుగా కూర్చోగా చెప్పిన మాటే చెల్లుతుంది.

ఆ వాక్యం ప్రభుత్వంతో ఒప్పందంలోకి ఎక్కించింది ఎవరు? నేను. టెరస్ ఊళ్ళో హోటల్ మీటింగ్ రూముల్లో, నిన్నటి మఫిన్లు తింటూ, కుర్చీల్లో కూర్చుని కూర్చుని నడుం పడిపోయింది ఎవరికి? నాకు. ఇప్పుడు లేచి మాట్లాడేది మాత్రం పిన్ని కూతురు. వాంకూవర్‌లో పుట్టింది, అక్కడే లా చదివింది, మొన్న మొన్న వచ్చింది. చెవులకు సాసర్లంత పూసల కమ్మలు. అది నవ్వితే ముసలివాళ్ళంతా కరిగిపోతారు.

మామయ్య నన్ను పక్కకు పిలిచి, నువ్వు చర్చల బల్ల దగ్గర గట్టిదానివి బెర్నీ, హాలుకు కొంచెం వెచ్చటి గొంతు కావాలమ్మా అన్నాడు. అంటే నాది చల్లటి గొంతన్నమాట.

సెప్టెంబర్ 16

డానికాకు ట్రక్కు రివర్స్ చేయడం రాదు. ఎక్కడో ఒకచోట రాసి పెట్టుకోవాలనిపించింది.

సెప్టెంబర్ 24

పొగ గుడిసె దగ్గర ఆడవాళ్ళందరం చేరాం. డానికా సాల్మన్ కోస్తుంటే చూడాలి. వెన్నుముల్లుకు సగం కండ అతుక్కుని వచ్చింది. నా చిన్నప్పుడు అలా కోస్తే అమ్మ కత్తి పిడితో వేళ్ళ మీద ఒక్కటిచ్చేది. దీనికేమో అందరూ పడీపడీ నవ్వి, దా తల్లీ, ఇలా పట్టుకో, బొటనవేలు కాపాడుకో, రేపు కోర్టులో చూపించుకోవాలిగా అని ఒకరి తరవాత ఒకరు నేర్పించారు. అది కూడా నవ్వుతూ, ఈ చేప నామీద కేసు వేస్తుందేమో పెద్దమ్మా అంది. మళ్ళీ నవ్వులు.

నేను పక్కన నలభై చేపలు కోసి వేలాడదీశాను. బాగా కోశావని ఎవరూ అనలేదు. నాకు రావాల్సిందే కదా, అందుకని.

అక్టోబర్ 5, మధ్యాహ్నం

డానికా వంటింట్లోకి వచ్చింది, అక్కా ఒక్కసారి వినవా, హాల్లో చెప్పబోయేది చెప్పి చూపిస్తాను అంటూ. చేతిలో కాగితం లేదు. గిన్నెలు తోముతూ వింటానన్నాను. కూర్చుంటే నా మొహం కనిపిస్తుంది.

బాగా చెబుతోంది. అబద్ధం ఎందుకు? మామయ్య తాతల దగ్గర్నుంచి మొదలుపెట్టింది, వలలు వేసే చోట్లు ఒక్కొక్కటీ పేరుతో పిలిచింది, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. ఒళ్ళు మండింది కూడా అందుకే.

తరవాత సరస్సు అడుగున ఉన్న జీవి కథ ఎత్తుకుంది. అది కోపంతో ఒళ్ళు విదిల్చితే కొండచరియ విరిగి పడటం, దిగువ ఒడ్డున ఉన్న ఊరు మునగడం, ఒక్క పిల్ల మిగలడం. చివర్న ఆ పిల్ల పాట కూడా పాడింది.

ఆ కథ మాది కాదు. కప్ప ఇంటివాళ్ళది. మా నాన్న కప్ప ఇంటి మనిషి. చేపల సీజన్లో గుడారంలో పడుకోబెట్టి మాకందరికీ ఆ కథే చెప్పేవాడు. పిన్ని అక్కడే విని ఉంటుంది, వాంకూవర్ తీసుకెళ్ళి కూతురికి చెప్పి ఉంటుంది. కానీ మాలో బిడ్డ అమ్మ ఇంటిది. నాన్న కథ వినొచ్చు, నిద్రపోవచ్చు, కల కనొచ్చు. హాల్లో లేచి నాది అని చెప్పకూడదు. మాకు కథే పట్టా. ఆ కథ ఎవరిదో సరస్సు దిగువ ఒడ్డు వాళ్ళది. హాల్లో అది మా నోటి నుంచి వస్తే, ప్రభుత్వం ముందు కప్ప ఇంటివాళ్ళ నేలను మేం కలిపేసుకున్నట్టే.

పాట అయ్యాక, ఏమన్నా మార్చాలా అక్కా అని అడిగింది. నా మొహంలోకే చూస్తూ అడిగింది.

ఏమీ వద్దు అన్నాను.

అక్టోబర్ 5, సాయంత్రం

రేపు చెబుతాను. ఇంకా టైముంది.

అక్టోబర్ 9

పోస్టాఫీసు దగ్గర డానికా కనిపించింది. ట్రక్కు అద్దం దింపి చెయ్యి ఊపింది. మాట నోటిదాకా వచ్చింది. ఈలోగా అటుగా వెళ్తున్న చర్చి ఫాదర్ ఆగి, శనివారం కోసం ఊరంతా ఎదురుచూస్తోందమ్మా డానికా, నీ గొంతు వినాలని అన్నాడు. ఇన్నేళ్ళలో నా గొంతు కోసం ఎవరూ శనివారాలు ఎదురుచూడలేదు.

నేనూ చెయ్యి ఊపి వెళ్ళిపోయాను.

అక్టోబర్ 14

 వరసగా రాస్తాను.

హాలు నిండిపోయింది. ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు. విక్టోరియా నుంచి వచ్చిన ఫియోనాను, ఆమె వెంట వచ్చిన ఇద్దర్నీ తలుపు పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టి, పక్కన నన్ను వేశారు. అర్థం కానివి చెప్పడానికట. అదీ నా పదవి. మూస్ మాంసం సూప్ వడ్డించారు. డానికా కర్ర అందుకుంది. మామయ్య దుప్పటి భుజాన వేసుకుని దాని వెనక కూర్చున్నాడు.

మొదటి సగం హాలు కదల్లేదు. పసిపిల్లలు కూడా ఏడవలేదు. ఫియోనా కళ్ళు తుడుచుకుంది. మరీ తట్టుకోలేకపోయాను. ఇక మొదలుపెట్టవే ఆ కథ అని లోపల్లోపల అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

మొదలుపెట్టింది.

మూడో మాటకే విన్నీ అత్త చెంచా కింద పెట్టింది. నాన్నకు అక్క, కప్ప ఇంటి పెద్ద. పాట వచ్చేదాకా ఆగింది. పాట రాగానే లేచి నిలబడింది. ఎవరి పిల్లవే నువ్వు, ఆ పాట నీకెవరిచ్చారే అని అడిగింది. గొంతు పెంచలేదు. అరిస్తే బాగుండేది.

డానికా మొహం పాలిపోయింది. మా అమ్మ చెప్పేది అంది. మీ అమ్మకు ఆ హక్కు ఎక్కడిది అంది అత్త. ఇక్కడ లేచే ముందు పెద్దవాళ్ళెవరికైనా వినిపించావా, మీ ఇంట్లో ఒక్కళ్ళకు కూడా తెలియలేదా అంది.  డానికా నావైపు చూస్తుందనుకున్నాను.

చూడలేదు. ఎవరికీ వినిపించలేదు, తప్పు నాదే అంది.

కప్ప ఇంటివాళ్ళంతా లేచి వెళ్ళిపోయారు. సూప్ ముట్టుకోకుండా వెళ్ళిపోయారు. అన్ని గిన్నెలు అలా నిండుగా వదిలేసి పోవడం నా జన్మలో చూడలేదు. మామయ్య దుప్పటి తల మీదికి లాక్కున్నాడు. రోడ్డు వద్దన్న మాట ఇంకా చెప్పనే లేదు. చెప్పినా వినడానికి సాక్షులేరీ?

ఇది బ్రేకా అని ఫియోనా నన్ను మెల్లగా అడిగింది.

అక్టోబర్ 15

దాని పరువు పోతుందనుకున్నాను. మా ఇంటి పరువు మొత్తం పోయింది. దానిది, నాది అని విడిగా ఉండదని తెలియని దాన్నా నేను?

అయినా ఒకటి మింగుడు పడట్లేదు. నన్ను పట్టివ్వలేదు. మంచితనంలో కూడా అదే ముందుండాలా?

అక్టోబర్ 19

జూమ్ మీటింగ్. కంపెనీ లాయర్లు అప్పుడే ఉత్తరం పంపారట: ఆ నేల ఎవరిదో వాళ్ళకే తెలియడం లేదు, కాబట్టి సమ్మతి కోసం ఆగక్కర్లేదు, మంత్రిగారే తేల్చేయవచ్చు అని.  గిన్నెలు తోముతూ నేనన్న రెండు మాటలు అక్కడిదాకా పోయాయి.

ఫియోనా మంచిదే. కానీ గడువు, గడువు అంటుంది. మీ మామయ్యగారింట్లో ఒక చిన్న వీడియో తీసి సంతకం పెట్టించి పంపితే సరిపోదా బెర్నడెట్ అంది. ఆ పాట భాగం మినిట్స్‌లోంచి తీసేద్దాం అంది.

అప్పుడు నాకు పూనకం వచ్చింది. మీ అసెంబ్లీలో సభ్యులంతా లేచి వెళ్ళిపోతే, మర్నాడు స్పీకర్ ఇంటికెళ్ళి సంతకం పెట్టించుకుని చట్టం అయిపోయిందంటారా అని అడిగాను. మా చట్టం ప్రకారం అని మీరే సంతకం చేశారు. ఆ చట్టం మీకు నచ్చిన రోజున మాత్రమే చట్టమా? సిగ్గు కడుక్కోనిదే మా ఇంటికి హాల్లో నోరు లేదు. విందు పెట్టాలి, కప్ప ఇంటివాళ్ళకు ఇవ్వాల్సింది ఇవ్వాలి, వాళ్ళు తిరిగి వచ్చి కూర్చోవాలి. అప్పుడు మళ్ళీ రండి, అప్పుడు చెబుతాం అన్నాను.

ఫియోనా నోట్స్‌లో ఏదో రాసుకుంది. తరవాత, పైవాళ్ళతో మాట్లాడతానంది. సాయంత్రానికి ఫోన్ చేసింది. జనవరి చివరిదాకా ఆగుతారట. ప్రభుత్వం మా విందు కోసం ఆగుతోంది! మా అమ్మ ఉంటే నమ్మేది కాదు.

ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టింది డానికా. అక్క లేకపోతే మునిగిపోయేవాళ్ళం అంది. బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి కూర్చున్నాను.

నవంబర్ 3

వచ్చింది. డానికా ఇప్పుడడుగుతుంది అనుకున్నాను. ఎందుకలా చేశావక్కా అంటుంది, నేను ఏడుస్తాను, అయిపోతుంది. సమాధానం కూడా తయారుచేసి పెట్టుకున్నాను.

విందులో పంచడానికి తువ్వాళ్ళు ఎన్ని కొనాలి అని అడిగింది. ఊలికన్ చేప నూనె సీసాలు మన దగ్గర ఎన్నున్నాయి అని అడిగింది. కాఫీ తాగింది. వెళ్ళిపోయింది.

అరిస్తే ఏం పోయింది దానికి?

నవంబర్ 18

మా ఇంట్లో ప్రతివాళ్ళూ ఏదో ఒకటి తెస్తున్నారు. పిండి బస్తాలు, దుప్పట్లు, సీసాల్లో పెట్టిన చేప, నారింజ పెట్టెలు. డానికా తన పూసల కమ్మలన్నీ తెచ్చి కుప్పలో పెట్టింది. చెవులు బోసిగా ఉన్నాయి. అయినా బాగుంది. ముదనష్టపుది, ఎలా ఉన్నా బాగుంటుంది.

నేను అమ్మ హాల్లో కప్పుకునే బొత్తాల దుప్పటి ఇచ్చాను. అంత పెద్దది ఎందుకే, తువ్వాలు చాలదా అన్నారు. ఇవ్వాలనిపించింది అన్నాను.

డిసెంబర్ 2

కప్ప ఇంటివాళ్ళు వచ్చారు. వాళ్ళ చోట్లలో వాళ్ళు కూర్చున్నారు. విన్నీ అత్త చెంచా తీసుకుని సూప్ నోట్లో పెట్టుకునేదాకా మా ఇంటివాళ్ళెవరూ ఊపిరి తీసుకోలేదు.

ఇవ్వడం మొదలైంది. ప్రతి వస్తువూ పేరు పెట్టి, గట్టిగా చెప్పి ఇచ్చారు. సాక్షులకూ ఇవ్వాలి కదా, చూడటానికి వచ్చిన ఫియోనాకు ఒక తువ్వాలు, చేప సీసా వచ్చాయి. ఉద్యోగులు కానుకలు తీసుకోకూడదట. తీసుకోకపోతే నువ్వు చూసినట్టు కాదు అని పక్కనుంచి ముసలివాళ్ళు కసిరారు. ఆమె ముందే పైఅధికారికి రాసి, చేప సీసాకు అనుమతి తెచ్చుకుందట. ఆ మాట చెప్పగానే హాలంతా ఘొల్లున నవ్వింది. ప్రభుత్వం ఒళ్ళో తువ్వాలు పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది.

అమ్మ దుప్పటి విన్నీ అత్త భుజాల మీద కప్పారు. అత్త బొత్తాలు తడిమి, నావైపు చూసి, ఇది మీ అమ్మది కదే కోడలా అంది. తల ఊపాను.

తరవాత అత్త లేచింది. ఈ తప్పులో ఇంకెవరికైనా పాలుంటే ఇప్పుడే చెప్పండి అంది. నర్తకుడి కిరీటంలోంచి గద్ద నూగు గాల్లోకి లేస్తే తగువు తీరినట్టే, ఇక ఈ మాట ఎవరూ ఎత్తకూడదు, ఎత్తినవాళ్ళే మళ్ళీ విందు పెట్టాలి అంది. అందరికీ తెలిసిన మాటే. ప్రతిసారీ అనేదే. నాకు మాత్రం కొత్తగా వినిపించింది.

నేను లేచాను. నిజంగా లేచాను. కుర్చీ కిర్రుమంది. నోరు తెరిచాను.

డప్పుల దగ్గర నిలబడ్డ డానికా నన్ను చూసింది. తిన్నగా నా కళ్ళల్లోకి చూసింది. చూస్తూనే డప్పువాళ్ళకు చెయ్యి ఊపింది.

డప్పు మోగింది. నర్తకుడు తల విదిలించాడు. కిరీటంలోంచి గద్ద నూగు లేచి హాలంతా పరుచుకుంది. నా నోరు ఇంకా తెరిచే ఉంది. ఒక నూగు నాలుక మీద పడింది. నేను నాట్యానికే లేచాననుకుని పక్కవాళ్ళు నన్ను కూడా లాక్కెళ్ళారు. ఆడాను. నాలుక మీద నూగుతోనే ఆడాను.

డిసెంబర్ 3

నన్ను కాపాడిందా? నా నోరు కట్టేసిందా? పొద్దుట్నుంచి ఇదే ఆలోచన. నా తప్పు అని చెప్పుకునే హక్కు కూడా నాకు మిగల్చలేదు. ఇప్పుడు దానికి ఎప్పటికీ బాకీ ఉండిపోయాను, అదీ నోరెత్తకుండా.

నూగు రాలాక ఎత్తకూడదు. కాగితం మీద కూడానా? ఎవరిని అడగను?

డిసెంబర్ 10

మామయ్య ఇంటికి రమ్మన్నాడు. డానికా అక్కడే ఉంది. కర్ర దాని ఒళ్ళో ఉంది. మామయ్య గుసగుసగా, పిల్ల ఒకటి అడుగుతోంది, నేను సరే అన్నాను అన్నాడు.

డానికా లేచి కర్ర నా చేతిలో పెట్టింది. జనవరిలో నువ్వే చెప్పక్కా, నాకు హాలు ఇంకా రాదు అంది. ఏది ఎవరిదో నీకు బాగా తెలుసు అంది.

ఆ చివరి మాట ఎలా అందో ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా తెలియడం లేదు. వెటకారం ఉందా? లేదనిపిస్తుంది. ఉందనిపిస్తుంది.

నేను కోరుకున్న కర్ర ఇదే. దాని చేతి వెచ్చదనం ఇంకా పోలేదు.

జనవరి 11

రోజూ ట్రక్కులో ప్రాక్టీస్ చేస్తున్నాను. కిటికీలన్నీ మూసుకుని. నా గొంతు నాకే బొంగురుగా వినిపిస్తోంది. డానికా ఎక్కడ ఆగిందో అక్కడే ఆగుతున్నాను. దాన్ని కాపీ కొడుతున్నానని ఇవాళ తెలిసింది.

దిగువ ఒడ్డు పేరు ఎత్తను. ఎగువ ఒడ్డు వరకే. కానీ వాగు దగ్గర హద్దు ఏ రాయి? మామయ్యను అడిగితే నిద్రపోతున్నాడు. మందుల మత్తు.

జనవరి 26

రేపే హాలు. ఫియోనా వాళ్ళు మోటెల్లో దిగారు. విన్నీ అత్త వస్తానని కబురు పెట్టింది.

సాయంత్రం డానికా వచ్చింది. వినిపించు అక్కా అంది. మొత్తం చెప్పాను. వలలు వేసే చోట్లు, వాగు, హద్దని నేననుకున్న రాయి, రోడ్డు వద్దు అన్న మాట. అది సింకు దగ్గర నిలబడి నా గిన్నెలు తోముతూ విన్నది. మొహం కనిపించలేదు.

అయిపోయాక, ఏమన్నా మార్చాలా అని అడిగాను.

కుళాయి కట్టేసి నావైపు తిరిగింది. చాలాసేపు చూసింది.

ఏమీ వద్దు అంది.